తాఖీదు తీర్పు కాదు



అనుమతి లేక అంతస్తు లేపిరనియో, విడువవలసిన ఖాళీస్థలమును విడువలేదనియో ఒకనాఁడు ఇంటి గోడకు కాగిత మంటింపఁబడును. దానిఁ జూచి కొందఱు ఇల్లు పోయెనని దళారుల నాశ్రయింతురు. కొందఱు చింపి పాఱవైతురు. రెండును కీడే.

మెదకు పట్టణమునకు 2019 నాఁటి తెలంగాణ పురపాలక శాసనమును, పల్లెలకు 2018 నాఁటి పంచాయతీరాజ్ శాసనమును వర్తించును. వీనికిఁ దోడు 2024 నవంబరు 13వ తేదీన సుప్రీంకోర్టు దేశమంతటికిని కొన్ని కట్టడులను విధించినది. అందలి ముఖ్యపదముల యర్థమును మనవిచేసెదను.

మొదటిది తాఖీదు. దీనినే షోకాజ్ నోటీసందురు. ఇది తీర్పు కాదు, ప్రశ్న. “ఈ కట్టడమును ఏల తొలగింపరాదో చెప్పుఁడు” అని దీని భావము. ఇది రిజిస్టరు టపాలో రావలయును. ఇంటి వెలుపల నంటింపనువలయును. దోషమేదో, తేవలసిన పత్రములేవో, ఏనాఁడు ఏ యధికారి యెదుట హాజరు కావలయునో యిందుండవలెను.

రెండవది సంజాయిషీ, అనగా మన సమాధానము. తాఖీదు ముట్టిన నాఁటినుండి 15 దినములకుఁ దక్కువ కాని గడువు కలదు. దీనిని వ్రాతమూలముగా నిచ్చి రసీదు పుచ్చుకొనుట మేలు.

మూడవది విచారణ. గృహస్థు స్వయముగాఁ జెప్పుకొనును. అధికారి దానిని వ్రాయించి యుంచవలెను. వినక దండింపరాదనుటయే దీని మూలసూత్రము.

నాలుగవది తుది యుత్తరువు. ఇందు గృహస్థు వాదమును, దానిని త్రోసిపుచ్చినచో కారణములును ఉండవలెను. ఆ దోషము రుసుము చెల్లించి క్రమపఱచుకొనఁదగినదా కాదా యనియు, కొంతభాగమే అక్రమమైనచో కూల్చుట తప్ప వేఱుదారి యేల లేదనియుఁ జెప్పవలెను.

ఐదవది గడువు. ఉత్తరువు ముట్టిన పిదప 15 దినములు కూల్పరాదు. ఈలోపల అప్పీలు చేసికొనవచ్చును, లేదా తప్పుభాగమును తామే తొలగించుకొనవచ్చును.

ఆఱవది పంచనామా. కూల్చుటకు ముందు ఇద్దఱు పంచుల సంతకములతో నివేదిక సిద్ధము కావలయును. కూల్చునపుడు వీడియో తీయవలయును.

అయితే రోడ్డు, కాలిబాట, రైలుమార్గపు ప్రక్కతావు, నది, చెరువు మొదలగు వానిలోని అక్రమ కట్టడములకును, న్యాయస్థానము కూల్చుమన్న వానికిని ఈ కట్టడులు వర్తింపవు. చెరువు శిఖములో నిల్లు కట్టఁదలఁచువారు దీనిని ముందే యెఱుఁగవలెను.

పెద్దలారా! చదువురాని పొరుగువారు కాగితము చేతఁబట్టుకొని వచ్చినపుడు, ముందుగా తేదీని చదివి వినిపింపుఁడు. గడువు దాఁటిన పిమ్మట ఎంతటి న్యాయమైన మాటయు వినిపించుట కష్టము.