కంది వేరు – జొన్న వేరు

హైదరాబాదు నుండి సంగారెడ్డికి పోవు దారిలో కంది అను గ్రామము కలదు. ఊరి పేరే నేటి ప్రసంగ విషయము కూడ అగుట కాకతాళీయము. దానికి కొద్ది దూరములో, పటాన్‌చెరువునందు, 1972లో ఇక్రిశాట్ అను అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ వెలసినది. ఆ సంస్థ క్షేత్రములో ఎర్ర చెల్కయు, నల్లరేగడియు రెండును ఉన్నవి.

జొన్న సాళ్ళ నడుమ కంది సాలు వేయుట మన రైతులకు తాతలనాటి ఆచారము. జొన్న ముందు కోతకు వచ్చును. కంది ఆ పిదప తీరికగా పెరిగి పూచును. ఇది పైకి కనబడు పొత్తు. మట్టిలోని వ్యవహారము మరింత చిత్రమైనది.

ఎర్రనేలలో భాస్వరము లేకపోలేదు; అది ఇనుముతో పెనవేసికొని యుండును. జొన్న వేరు దానిని సులభముగా విడదీయజాలదు. ఇక్రిశాట్‌లో పనిచేసిన జపాను శాస్త్రజ్ఞుడు నోరిహారు ఆయె, ఆయన సహచరులు 1990లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, కంది వేరు పిసిడిక్ ఆమ్లము వంటి పదార్థములను స్రవించును. అవి ఇనుమును పట్టుకొనగా, భాస్వరము విడివడి వేరునకు అందును. కంది రాల్చిన ఆకులును, మిగిలిన వేళ్ళును కుళ్ళిన పిదప అందులో కొంత తరువాతి పైరునకు దక్కును. భాస్వరపు ఎరువులకు మన దేశము చాలవరకు విదేశీ ముడిసరకునే నమ్ముకొన్నది గనుక ఇది చిన్న సంగతి కాదు. అట్లని ఇక సూపరు బస్తా అక్కరలేదనుకొనరాదు. నేలలో ఉన్నదానినే గదా వేరు తీయునది!

జొన్న కూడ ఋణము ఉంచుకొనదు. కందికి పెద్ద శత్రువు ఎండు తెగులు. దాని శిలీంధ్రము మట్టిలో ఏండ్ల తరబడి నిలిచి, వేళ్ళగుండా చొరబడి, నీరు పోవు నాళములను మూసివేయును. జొన్నతో కలిపి వేసిన కందిలో ఈ తెగులు తగ్గుట ఇక్రిశాట్‌లోనే గమనింపబడినది.

కన్నులు లేని వేరు పొరుగును ఎట్లు తెలిసికొనును? వేళ్ళు స్రవించు చక్కెరలు, ఆమ్లములు మొదలగునవే వార్తలు. భాస్వరము కొరవడినపుడు వేళ్ళు స్ట్రైగోలాక్టోనులను విడుచును. ఇవి మేలుచేయు శిలీంధ్రములను వేరువైపు పిలుచునని 2005లో జపానులో కనుగొనిరి. అయితే జొన్నను పీల్చు స్ట్రైగా కలుపు విత్తనము కూడ ఆ పిలుపునకే మొలకెత్తును. చెలికానికి వ్రాసిన జాబును దొంగ చదివినట్లున్నది!

2007లో కెనడాలో సుసాన్ డడ్లీ, అమాండా ఫైల్ అనువారు ఒక సముద్రతీరపు మొక్కను పరీక్షించిరి. ఒకే తల్లి సంతానము ఒక కుండీలో ఉన్నపుడు వేళ్ళను మితముగా పెంచినవి. పరాయి మొక్కలతో ఉన్నపుడు ఎక్కువ వేళ్ళు తొడిగినవి. మొక్కలు బంధువుల నెరుగునన్న ఈ నిర్ణయమును శాస్త్రజ్ఞులందరు అంగీకరింపలేదు. మన చెల్కలోని పొత్తునకు మాత్రము బంధుత్వముతో పనిలేదు: కంది పప్పుజాతి, జొన్న గడ్డిజాతి.