క్విస్లింగ్: ఒక యింటిపేరు చరిత్ర

శ్రోత యొకరు ఇటీవల మాకొక జాబు వ్రాసినారు. రెండవ ప్రపంచ యుద్ధమును గురించి మేము ప్రసారము చేసిన ప్రసంగములో 'క్విస్లింగులు' అను మాట రెండు మూడు పర్యాయములు వినవచ్చినదట. అది ఒక జాతి పేరా, రాజకీయ పక్షము పేరా, లేక సైన్యములో నొక హోదాయా అని వారి సందేహము. ఇంగ్లీషు నిఘంటువు తిరుగవేయగా 'దేశద్రోహి. శత్రువుతో చేతులు కలిపి స్వదేశమును పాలించువాడు' అని అర్థము కనబడినదట గాని, ఆ మాట యెట్లు పుట్టినదో వారికి బోధపడలేదు. సమాధానము ఒక్క వాక్యములో చెప్పవచ్చును: అది నార్వే దేశములో నొక కుటుంబము యొక్క ఇంటిపేరు. అయితే ఆ వాక్యముతో ఊరకుండుటకు మాకే మనసొప్పలేదు. ఆ పేరు తిట్టుగా మారుటకు ముందు దానికి సుమారు మూడువందల యేండ్ల గౌరవప్రదమైన చరిత్ర కలదు. పైగా ఆ మార్పు జరిగినది రేడియో మైక్రోఫోను ఎదుట. ఆ కారణము చేతనైనను మా బోటివారు ఈ కథను చెప్పవలసియున్నది.

మొదట నార్వేవారి పేర్ల పద్ధతి కొంత తెలియవలెను. ఆ దేశమున పల్లెవాసులకు చాలకాలము వరకు స్థిరమైన ఇంటిపేరు లేదు. తండ్రి పేరే కుమారునికి ఆనవాలు. హన్స్ అను వాని కొడుకు ఓలా యైనచో అతడు ఓలా హన్సెన్. ఆ ఓలా కొడుకు తిరిగి హన్స్ యైనచో అతడు హన్స్ ఓల్సెన్. 'సెన్' అనగా కొడుకు. కూతురైనచో ఓల్స్‌డాటర్, ఆమె పెండ్లి చేసికొని అత్తవారింటికి పోయినను, జీవితాంతము తన తండ్రి కూతురుగానే పిలువబడెడిది. ఈ విధముగా తాతకు, తండ్రికి, మనుమనికి మూడు వేరు వేరు పేర్లు. ఒక గ్రామములో పదిమంది ఓలా హన్సెన్లు ఉండుట వింత కాదు గనుక, వారిని వేరుపరచుటకు చివర నివసించు క్షేత్రము పేరు చేర్చెడివారు. వీక్ అనగా సముద్రపు పాయ లోపలికి చొచ్చుకొని వచ్చిన చోటు. నెస్ అనగా నీటిలోనికి పొడుచుకొని పోయిన భూభాగము. దాల్ అనగా లోయ. హౌగ్ అనగా దిబ్బ. నేటి నార్వే ఇంటిపేర్లలో పెక్కింటికి ఈ మాటలే తోకలు.

ఈ క్షేత్రనామము మన ఇంటిపేరు వంటిది కాదు. అది మేలువిలాసము వంటిది. క్షేత్రము విడిచి మరియొక క్షేత్రమునకు మారినవాని పేరు కూడ మారెడిది. ఇల్లరికము వచ్చిన అల్లుడు భార్యగారి క్షేత్రము పేరు పెట్టుకొనెడివాడు. మన దేశములో ఇల్లరికపుటల్లుని ఇంటిపేరు మార్చవలెనన్న ఎంత రభస కావలెనో ఆలోచింపుడు! అక్కడ అది రివాజు. 1825లో స్టవాంగర్ రేవు నుండి 'రెస్టొరేషన్' అను చిన్న యోడ బయలుదేరినది మొదలు ఒక శతాబ్దములో సుమారు ఎనిమిది లక్షల నార్వేవారు అమెరికాకు వలసపోయిరి. వారిలో ఒక్క తల్లి బిడ్డలే, ఒకడు తండ్రి పేరును, ఒకడు పుట్టిన క్షేత్రము పేరును, మరియొకడు కూలికి పోయిన క్షేత్రము పేరును పట్టుకొని పోయినందున, నేడు వారి మనుమలు పరస్పరము జ్ఞాతులమని గుర్తింపలేకున్నారు. ఊలుఫ్ రీగ్ అను పండితుడు దేశములోని క్షేత్రనామములన్నిటిని సేకరించి వ్యుత్పత్తులు వ్రాసెను. 1897లో ముద్రణము ఆరంభమైనది. రెండేండ్లకే ఆయన మరణింపగా తక్కిన సంపుటములను ఇతరులు పూర్తిచేసిరి. చివరకు 1923లో నొక శాసనము వచ్చి, ప్రతి కుటుంబము వంశపారంపర్యమైన ఇంటిపేరు నొకదానిని స్థిరపరచుకొనవలెనని విధించినది. నాడు ఎవని తండ్రి పేరు ఏదియో అదియే పెక్కుమందికి శాశ్వతమై నిలిచిపోయినది. అందుచేతనే సుమారు ఏబదియైదు లక్షల జనాభా గల ఆ దేశములో హన్సెన్, యొహాన్సెన్, ఓల్సెన్ అను మూడు పేర్లలో ఒక్కొక్కదానిని సుమారు ఏబదివేల మంది ధరించుచున్నారు. మరియొక వంక, ఏ కొద్దిమందికో పరిమితమైన పేర్లు వేలకు వేలు.

క్విస్లింగ్ అనునది ఈ రెండవ తెగకు చెందినది. అయితే అది తండ్రి పేరు నుండి వచ్చినది కాదు. నార్వేలోని క్షేత్రము నుండి వచ్చినదియు కాదు. దానిది మూడవ మార్గము.

1814 వరకు నార్వే డెన్మార్కు రాజుల పాలనలో నుండెను. నాడు మతాచార్యులు, ఉద్యోగులు, విద్వాంసులు పెక్కుమంది డెన్మార్కు నుండి వచ్చెడివారు. వారికి లాటిను మోజు మెండు. బ్రోబీ అను ఊరివారు, బ్రో అనగా వంతెన, బీ అనగా పట్టణము గనుక, ఆ రెండు మాటలను లాటినులోనికి మార్చి 'పొంటొప్పిడాన్' అని పిలిపించుకొనిరి; ఆ పేరుగల ఎరిక్ పొంటొప్పిడాన్ పదునెనిమిదవ శతాబ్దిలో బెర్గెన్ నగరమునకు బిషప్పుగా నుండెను. అదే ధోరణిలో లౌరిట్స్ ఇబ్సెన్ అను నొకరు (1634–1703), డెన్మార్కులో స్లాగెల్సె పట్టణము దగ్గరి క్విస్లెమార్క్ అను గ్రామము నుండి వలసవచ్చి, తన ఊరి పేరును లాటినీకరించి 'క్విస్లీనుస్' అని పెట్టుకొనెను. ఆ 'క్విస్లీనుసే' కాలక్రమమున క్విస్లిన్, క్విస్లింగ్ అయినది. ఇబ్సెన్ అనగానే 'బొమ్మరిల్లు' నాటకకర్త గుర్తుకు రావచ్చును. ఇక్కడ ఆ మాటకు 'ఇబ్ కుమారుడు' అని మాత్రమే అర్థము.

దీనిని బట్టి ఒక సంగతి గ్రహింపవలెను. ఇద్దరు హన్సెన్లు ఒకరికొకరు ఏమియు కానక్కరలేదు. కాని ఒక్క మనిషి తనకై కల్పించుకొన్న పేరు గనుక, క్విస్లింగులందరు ఒక్క చెట్టు కొమ్మలే. పేరు అరుదైనకొలది దానికి తగిలిన మచ్చ ఎక్కడికిని జారిపోదు. ఉన్న కొద్దిమంది మీదనే నిలుచును.

వీరి కుటుంబము తెలెమార్క్ ప్రాంతములో ఫీరెస్‌దాల్ అను లోయలో గౌరవము గడించినది. యోన్ లౌరిట్స్ క్విస్లింగ్ అను మతాచార్యుడు వంశచరిత్రల పరిశోధకుడు కూడ. పూర్వుల పేర్లు వెదకి వెదకి వ్రాసిన ఆ పెద్దమనిషి 1930లో కన్నుమూసెను. తన కడుపున పుట్టినవాడు ఆ పేరును ఏ గతి పట్టింపనున్నాడో చూడక పోవుట ఆయన అదృష్టమే యనవలెను. ఆ కుమారుడే విడ్కున్ క్విస్లింగ్, 1887లో జన్మించెను.

విడ్కున్ తెలివితక్కువవాడు కాడు. సైనిక విద్యలో అగ్రస్థానము పొందినవాడు. 1922లో ఉక్రెయినులో కరవు తాండవించినపుడు, ఫ్రిడ్త్యోఫ్ నాన్సెన్ నాయకత్వమున సహాయ కార్యక్రమమునకై ఖార్కోవుకు పోయి పనిచేసెను. నాన్సెన్ ధ్రువ ప్రాంతములను శోధించిన సాహసి. ఆ సంవత్సరమే శాంతి బహుమానము నందుకొన్న మహనీయుడు. ఆ ఇంటిపేరు కూడ అరుదైనదే, అదియు డెన్మార్కు సంబంధము గలదే. పదునేడవ శతాబ్దిలో కోపెన్‌హేగన్ నగరాధ్యక్షుడైన హన్స్ నాన్సెన్ ఆయన పూర్వుడు. దేశము కోల్పోయిన శరణార్థులకు 1922 నుండి ఇచ్చిన ప్రయాణ పత్రమునకు 'నాన్సెన్ పాస్‌పోర్టు' అని పేరు వచ్చినది. సంగీతవేత్త రహ్మానినోవ్, నవలాకారుడు నబొకొవ్ వంటివారు దానిని ధరించినవారే. ఒక కరవు సహాయములో కలిసి పనిచేసిన ఇద్దరి ఇంటిపేర్లును లోకభాషలలో ప్రవేశించినవి. ఒకటి దిక్కులేనివారికి దిక్కైనది. రెండవదాని సంగతి చెప్పబోవుచున్నాము.

1933లో విడ్కున్ 'నష్యొనాల్ సామ్లింగ్' అను పక్షమును స్థాపించెను. ఆ సంవత్సరము, మరల 1936లో, జరిగిన ఎన్నికలలో దానికి నూటికి రెండు వోట్ల చొప్పున మాత్రమే లభించినవి. పార్లమెంటులో ఒక్క స్థానము దక్కలేదు. ప్రజలు ఈయని అధికారము 1940 ఏప్రిల్ 9వ తేదీన వేరొక దారిన వచ్చినది.

ఆ తెల్లవారుజామున జర్మనులు నార్వేపై దండెత్తిరి. ఓస్లో సముద్రపు పాయలో వారి పెద్ద యుద్ధనౌక 'బ్లూఖర్' కోట ఫిరంగుల దెబ్బకు మునిగిపోవుటచే, రాజధాని కొన్ని గంటలు ఆలస్యముగా పట్టుబడినది. ఆ వ్యవధిలో రాజు, మంత్రులు, పార్లమెంటు సభ్యులు రైలులో ఉత్తరమునకు తరలిపోయిరి. ఓస్లోలో ప్రభుత్వము లేదు. రేడియో మాత్రము ఉన్నది. సాయంకాలము ఏడున్నర గంటల వేళ క్విస్లింగ్ జర్మనుల అండతో రేడియో భవనమున ప్రవేశించి, మైక్రోఫోను ముందర కూర్చుండి, ప్రధానమంత్రిని నేనే యని ప్రకటించెను. తన మంత్రివర్గమును కూడ చదివెను. అందులో కొందరికి తాము మంత్రులమైన సంగతి రేడియో వలననే తెలిసినది! రాత్రి మరల మాటలాడి, శత్రువును ప్రతిఘటించుట నేరమని హెచ్చరించెను. సైన్యము నడిపింపకయే, వార్తాప్రసారముతో రాజ్యమును కైవసము చేసికొనుటకు చేసిన ప్రయత్నములలో ఇది మొదటిదని పెక్కుమంది చెప్పుదురు. ఆ సమయమున స్టూడియోలో పనిచేయుచుండిన మా సోదర ఉద్యోగుల మనఃస్థితి యెట్టిదై యుండునో మేము ఊహింపగలము. మీట నొక్కువానికి మాటలపై అధికారము లేదు.

మరునాడు జర్మను రాయబారి, క్విస్లింగును ప్రధానిగా నియమింపుమని రాజు హాకోన్‌ను కోరెను. హాకోన్ స్వయముగా డెన్మార్కు రాకుమారుడు, పూర్వనామము కార్ల్. 1905లో నార్వే స్వతంత్రమై తన్ను రాజుగా ఎన్నుకొన్నపుడు, నార్వే ప్రాచీన రాజుల పేరు స్వీకరించెను. అట్టి కొత్త పేరువాడు, తాను సింహాసనమైనను విడిచెదను గాని ఈ నియామకము చేయజాలనని మంత్రులకు తెలిపెను. మూడువందల యేండ్లుగా పాతుకొన్న పేరువాడు శత్రువు పక్షమున నిలిచెను. ఆరు దినములలోనే జర్మనులు కూడ క్విస్లింగును తొలగించిరి. 1942లో అతనిని మరల 'మంత్రి-అధ్యక్షుని'గా కూర్చుండబెట్టిరి. ఆ పాలనలోనే ఏడువందల మందికి పైగా నార్వే యూదులను నౌకల కెక్కించి చావుశిబిరములకు పంపిరి. తిరిగి వచ్చినవారు బహు కొద్దిమంది.

మాట పుట్టుటకు మాత్రము రెండు వారములు కూడ పట్టలేదు. అదే ఏప్రిల్ నెలలో లండన్ 'టైమ్స్' పత్రిక ఆ ఇంటిపేరును బహువచనము చేసి సంపాదకీయమునకు శీర్షికగా పెట్టినది. ఇట్టి మాట దొరకుట రచయితలకు దేవతలిచ్చిన వరమని చమత్కరించినది. అందుకు కారణము ఉచ్చారణయే. ఇంగ్లీషులో 'లింగ్' అను తోక తరచుగా చిన్నతనమును, నీచత్వమును సూచించును. కూలికి అమ్ముడుపోయినవానిని 'హైర్లింగ్' అందురు. పాపము, క్విస్లెమార్క్ గ్రామములోని లకారమునకును ఈ తోకకును ఏ సంబంధము లేదు. 1941లో చర్చిల్ తన ఉపన్యాసములలో దానిని లోకమంతటను మ్రోగించెను. రేడియోద్వారా పుట్టిన మాటను రేడియోయే దేశదేశములకు మోసినది. 1941లో జర్మనులు నార్వే ప్రజల రేడియోలను స్వాధీనము చేసికొనిరి. క్విస్లింగ్ పక్షమువారికి మాత్రము మినహాయింపు. తక్కినవారు నేలమాళిగలలో దాచిన యంత్రములపై లండన్ ప్రసారములను రహస్యముగా వినిరి.

1945 అక్టోబరు 24న క్విస్లింగ్ ఓస్లోలోని అకెర్షుస్ కోటలో మరణశిక్ష ననుభవించెను. సంతానము లేదు. భార్య మరియా ఆ నగరములోనే, ఆ పేరుతోనే, 1980లో మరణించు వరకు జీవించినది. ముప్పదియైదు సంవత్సరములు! దుకాణములో, వైద్యశాలలో, తపాలా కార్యాలయములో తన పేరు చెప్పవలసి వచ్చిన ప్రతిసారి ఎదుటివారి ముఖము ఎట్లుండెడిదో.

మన భాషలోను శకుని, మంథర వంటి పేర్లు తిట్లైనవి. కాని అవి పురాణ పురుషుల పేర్లు. ఆ పేరుతో ఓటర్ల జాబితాలో నిలబడినవారు లేరు. ఇక్కడి కష్టము వేరు. అమెరికాకు వలసపోయిన క్విస్లింగులలో వైద్యులైనవారు విస్కాన్సిన్ రాష్ట్రమున మాడిసన్ నగరములో ఒక వైద్యశాలను నెలకొల్పిరి. 1937లో కట్టిన 'క్విస్లింగ్ టవర్స్' అను నివాసభవనము నేటికిని అక్కడ చారిత్రక కట్టడముగా పరిరక్షింపబడుచున్నది. మూడేండ్ల తరువాత ఆ మాటకు కొత్త అర్థము వచ్చినను భవనము పేరు మార్చలేదు.

2002లో చేసిన నార్వే నామశాసనము, రెండువందల మందికి మించని ఇంటిపేర్లకు రక్షణ కల్పించినది. అట్టి పేరును బయటివారు తీసికొనవలెనన్న, ధరించువారి అంగీకారము కావలెను. ఒక్క వంశమునకే పరిమితమైన ఈ పేరు కూడ ఆ కంచె లోపలిదే. దీనిని దొంగిలింప వచ్చువారెవరో మాకు తోచుట లేదు.

నార్వేజియను వ్రాతలో కుటుంబము పేరైనచో పెద్ద అక్షరముతోను, దేశద్రోహి యను అర్థములో నైనచో చిన్న అక్షరముతోను ప్రారంభింతురు. ఆ కుటుంబమువారికి మిగిలిన మర్యాద అంతమాత్రమే. మన లిపిలో ఆ సౌకర్యము లేదు. మైక్రోఫోనులో చదువునపుడు ఏ భాషకును లేదు. జాబు వ్రాసిన శ్రోతకు ఈ సంచిక పంపుచున్నాము. ఆ ప్రసంగము పునఃప్రసారమునకు వచ్చినపుడు చదువవలసిన ప్రతిలో 'క్విస్లింగులు' అని యున్న చోట్ల 'దేశద్రోహులు' అని దిద్దియుంచితిమి.