మడుగు నిండింది, పురుగు రాలేదు

వాగు ఒక్కసారిగా ఎండదు. ముందు నీరు ఒడ్డును వదిలేస్తుంది. వేళ్లలో, గడ్డిదుబ్బుల్లో తలదాచుకున్న పురుగులకు చాటు పోతుంది. తర్వాత రాళ్ల మీది పరుగు ఆగుతుంది. ప్రవాహం మోసుకొచ్చే తిండిని వడకట్టుకు తినే నల్ల ఈగల లార్వాలకు అక్కడితో రోజులు చెల్లినట్టే. మిగిలినవన్నీ మడుగుల్లో ఇరుక్కుంటాయి. వేటాడే పురుగులకు కొన్నాళ్లు పండగే.

ఆ మడుగూ ఇంకిపోతే?

ప్రపంచంలోని నదులు, వాగుల మొత్తం పొడవులో 51 నుంచి 60 శాతం మేర ఏడాదికి కనీసం ఒక్క రోజైనా ప్రవాహం ఆగిపోతుందని 2021లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. ఎండడం మామూలైన చోట జీవాలకు ఉపాయాలూ ఉన్నాయి. మన చెరువుల్లోని నత్త మూత బిగించుకుని బురదలో పడుకుంటుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా వాగుల్లో కొన్ని పురుగులు రాళ్ల కింది చెమ్మలో, క్రేఫిష్ అనే రొయ్యలాంటి జీవుల బొరియల అడుగున మిగిలిన నీటిలో వేసవి గడుపుతాయి. ఎగరగలిగినవి మరో చోటు వెతుక్కుంటాయి.

అసలు కష్టం, ఎన్నడూ ఎండని నీరు ఎండినప్పుడు. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు ఎడారి కొండల్లో, ఫ్రెంచ్ జో అనే ఇరుకు లోయలో అదే జరిగింది. మైకేల్ బోగన్, డేవిడ్ లైటిల్ అనే శాస్త్రవేత్తలు అక్కడి రెండు మడుగులను ఎండకముందు నాలుగేళ్లు, ఎండాక నాలుగేళ్లు గమనించి 2011లో ఫలితాలు ప్రచురించారు. వానలకు మడుగులు మళ్లీ నిండాయి. సగటున ఎన్ని జాతులున్నాయని చూస్తే తేడా లేదు. నీరూ ఉంది, పురుగులూ ఉన్నాయి. పైపైన చూసేవారికి అంతా బాగున్నట్టే.

కానీ ఆరు జాతులు మాయమయ్యాయి. వాటిలో అబేడస్ ఒకటి. అరచేతిలో పట్టే ఈ గోధుమరంగు నీటిపురుగు ఆ మడుగుల్లో పెద్ద వేటగాడు. ఆడది గుడ్లను మగదాని వీపు మీదే అంటిస్తుంది. అవి పిల్లలయ్యేదాకా తండ్రే మోస్తాడు. మన వరిమళ్లలో కనిపించే దీని చుట్టాల్లో కొన్నింటిదీ ఇదే పద్ధతి. జోరువాన పడితే వరద రాకముందే నీళ్లలోంచి బయటికి పాకి ప్రాణం కాపాడుకునే నేర్పు అబేడస్‌కు ఉంది. ఎగరడం మాత్రం రాదు. చుట్టూ మైళ్లకొద్దీ పొడినేల. నాలుగేళ్లయినా తిరిగి రాలేదు.

పెద్ద వేటగాళ్లు పోయిన చోట చిన్న వేటగాళ్లు పెరిగారు. కొన్ని జాతుల సంఖ్య మునుపటికి 40 రెట్ల దాకా చేరింది. జాతుల లెక్క చూసి వాగు కోలుకుందనుకుంటే పొరబడతాం. ఏవి పోయాయో పేరుపేరునా అడగాలి. అబేడస్ పురుగులు ఒక్కో కొండవాగులో దాదాపు విడిగా బతుకుతాయి, వాగుకూ వాగుకూ జన్యువుల్లో తేడా కనిపిస్తుంది. కరవులు ముదిరి, నీళ్లు తోడెయ్యడం పెరిగి ఇంకో మడుగు ఇంకితే, ఆ వాగుకే ప్రత్యేకమైన వంశం దానితోపాటే పోతుంది.