కంప్యూటర్ ఆన్ చేయకుండానే లోపలున్న ఓఎస్ ఏంటో చెప్పేస్తారు.. ఎలాగంటే?

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లకు జగ్గయ్యపేట దాటాక గరికపాడు చెక్‌పోస్టు తెలిసిందే. అక్కడ లారీలో ఏముందో చూడాలంటే దాన్ని ఎవరూ నడిపి చూడరు. ఆపి, టార్పాలిన్ ఎత్తి, బిల్లుతో పోల్చి చూస్తారు. వర్చువల్ మెషీన్ డిస్కుల తనిఖీ కూడా దాదాపు ఇంతే.

వర్చువల్ మెషీన్ అంటే పెద్ద సర్వర్‌ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన ఇంకో కంప్యూటర్. దాని హార్డ్‌డిస్క్ చాలాసార్లు ఒక ఫైల్ మాత్రమే. దాన్నే డిస్క్ ఇమేజ్ అంటారు. బ్యాంకులు, ఆస్పత్రులు, ఎయిర్‌లైన్స్.. ఇలా మనం వాడే సర్వీసుల్లో చాలా వరకు వీటి మీదే నడుస్తున్నాయి.

ఇది మనకెందుకు అంటారా? 2024 జులై 19 గుర్తు తెచ్చుకోండి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో వైరల్ అయింది కదా! క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ల్యాప్‌టాప్ అయితే ముందు కూర్చుని సేఫ్ మోడ్‌లోకి వెళ్లొచ్చు. మరి క్లౌడ్‌లో ఉన్న వర్చువల్ మెషీన్ ముందు ఎలా కూర్చుంటారు? అందుకే చాలాచోట్ల దాని డిస్కును విడదీసి, బాగున్న ఇంకో మెషీన్‌కు తగిలించి, ఆ పాడు ఫైల్ తీసేసి, మళ్లీ మొదటిదానికే పెట్టారు.

డిస్క్ తెరిచాక వచ్చే మొదటి ప్రశ్న.. ఇందులో ఏ ఓఎస్ ఉంది? ఏ పార్టిషన్‌లో ఉంది?

దీనికి లిబ్‌గెస్ట్‌ఎఫ్ఎస్ అనే ఉచిత టూల్స్ సెట్ ఉంది. అందులో వర్ట్ ఇన్‌స్పెక్టర్ అనే ప్రోగ్రామ్ డిస్కును బూట్ చేయదు, చదువుతుందంతే. ఒక్కో పార్టిషన్ వెతుకుతుంది. లినక్స్ అయితే ఓఎస్-రిలీజ్ అనే చిన్న ఫైల్‌లో పేరు, వెర్షన్ రాసి ఉంటాయి. విండోస్ అయితే రిజిస్ట్రీ చూడాలి. ఇక్కడో తమాషా ఉంది. విండోస్ 11 మెషీన్ రిజిస్ట్రీలో కూడా ప్రొడక్ట్ పేరు దగ్గర విండోస్ 10 అనే కనిపిస్తుంది! బిల్డ్ నంబర్ 22000 లేదా ఆపైన ఉంటేనే అది 11 అని లెక్క. పేరు చూసి మోసపోవద్దు.

ఓఎస్‌తో పాటు మెషీన్ పేరు, ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్ల లిస్ట్ కూడా బయటికొస్తాయి. వైరస్ సోకిందని అనుమానం ఉన్న సర్వర్‌ను చూడటానికి ఈ పద్ధతి చాలా సేఫ్. ఎందుకంటే ఆన్ చేయలేదు కాబట్టి వైరస్ కూడా నిద్రలేవదు, ఆధారాలూ చెరిగిపోవు.

ఒక్క జాగ్రత్త. మెషీన్ నడుస్తుండగా బయటి నుంచి దాని డిస్క్‌లో ఏదైనా రాస్తే మొత్తం పాడైపోవచ్చు. చూడాలంటే రీడ్ ఓన్లీలోనే చూడాలి.

డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే మాత్రం తాళం లేకుండా ఏ టూల్ కూడా లోపలికి చూడలేదు. క్రౌడ్‌స్ట్రైక్ గొడవలో కూడా చాలామంది ఇక్కడే ఇరుక్కుపోయారు. మీ విండోస్ ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. పర్సనల్ ల్యాప్‌టాప్ అయితే సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. ఇవాళే ఒకసారి లాగిన్ అయి ఉందో లేదో చూసుకోండి.