ముందు చక్రములా? నాలుగు చక్రములా?

కారు కొనుట యొకప్పుడు కేవలము పురుషుల యాలోచనకు విడువబడిన విషయము. నేడట్లు గాదు. ఆ వెలలో గృహిణి కూడబెట్టిన ధనమును గలదు. ఉద్యోగములకు పోవు సోదరీమణులనేకులు తామే చక్రము పట్టి నడుపుచున్నారు. ఇంటనున్న యువకులకును యువతులకును ఇప్పుడు మనసు పోవునది 'హాట్ హ్యాచ్‌బ్యాకు' మీదికి. వెనుక తలుపు పైకి తెఱచుకొను చిన్న కుటుంబపు కారునకు బలమైన ఇంజనును, గట్టి బ్రేకులను, బిగువైన స్ప్రింగులను అమర్చిన దానికి ఆ పేరు. ఇందు రెండు తెగలు గలవు. ఇంజను బలము ముందు చక్రములకే పోవునది ఫ్రంట్ వీల్ డ్రైవు. నాలుగింటికిని పోవునది ఫోర్ వీల్ డ్రైవు. రెండవది వెల హెచ్చు. ఆ హెచ్చు వెలకు మనకు వచ్చునదేమి? రానిదేమి? తెలియక కొన్నచో ధనమేగాక ప్రాణమును చిక్కులో పడవచ్చును. కావున ఈ విషయమును మా పాఠకురాండ్రకు విన్నవింపదలచితిమి.

మా మాటలు గాలిలోనివి కాకుండుటకై చిరాగ్‌పల్లిని తీసికొందము. పుణెనుండి మచిలీపట్టణమునకు పోవు 65వ జాతీయ రహదారి (దీనికి పూర్వము 9వ సంఖ్య యుండెను) జహీరాబాదు దాటి కర్ణాటకమున ప్రవేశించుచోట ఈ గ్రామము గలదు. హైదరాబాదునుండి బొంబాయి వైపు పోవు లారీలకిది దారి. రహదారి మీద వేగమునకు కొదువ లేదు. రహదారి దిగి చేలవైపు తిరిగినచో ఎఱ్ఱనేల యొకచోట, నల్లరేగడి యొకచోట. తొలకరి పడినదా, రేగడి మన్ను చక్రమునకు పిండివలె అంటుకొనును. ఒకే ఇంటి కారు ఒకే దినమున ఈ రెండు దారులను త్రొక్కవలసియుండును.

ముందుగా యంత్రపు సంగతి. ఫ్రంట్ వీల్ డ్రైవు కారులో ఇంజనును గేరుపెట్టెయు ముందుభాగమున అడ్డముగా నమరియుండును. 1959లో ఆలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ కారు ఈ యమరికకు ప్రసిద్ధి తెచ్చెను. వెనుకకు పోవు ఇరుసుకడ్డీ లేనందున లోపల చోటు హెచ్చు, బరువు తక్కువ, వెల తక్కువ. ఎద్దులు ముందుండి బండిని లాగునట్లు ముందు చక్రములు కారును లాగుచుండును. ఇంజను బరువు వానిమీదనే యుండుటచే పట్టును బాగుండును.

మఱి లోపమెక్కడ? కారు హఠాత్తుగా వేగమందుకొన్నపుడు బరువు వెనుకకు మొగ్గును. ముందు టైర్ల పట్టు సడలును. బలము మిక్కుటమైనచో అవి ఉన్నచోటనే గిరగిర తిరుగును. చేతిలోని స్టీరింగు ఒక ప్రక్కకు గుంజును. టైరు పట్టు నెల జీతము వంటిది. అందులోనుండియే లాగుటకు కొంత, మలుపు తిప్పుటకు కొంత ఖర్చుపెట్టవలెను. లాగుటకే అంతయు ఖర్చయినచో మలుపునకు మిగులదు. కారు తిరుగవలసినంత తిరుగక మలుపు వెలుపలి అంచునకు పోవును.

ఫోర్ వీల్ డ్రైవులో ఈ భారము నలుగురు పంచుకొందురు. బురదలో దిగబడిన బండిని ఎద్దులు ముందు లాగుచుండగా మనుష్యులు వెనుకనుండి త్రోసినట్లన్నమాట. జహీరాబాదులోని మహీంద్రా కర్మాగారమున తయారగు ట్రాక్టర్లను చూచిన సోదరీమణులకిది వేఱుగ చెప్పనక్కఱలేదు. సామాన్యపు ట్రాక్టరునకు వెనుక చక్రములే బలము. నాలుగు చక్రముల ట్రాక్టరు తడిమడిలోనుండి సులువుగ బయటపడును. అయితే హ్యాచ్‌బ్యాకులలో పెక్కింటియందు బలము సాధారణముగ ముందు చక్రములకే పోవుచు, పట్టు తప్పునట్లు తోచినపుడు క్లచ్చు ద్వారా వెనుకకు మరలింపబడును.

ఈ రెండు తెగలకును కీర్తి తెచ్చినవారిలో స్త్రీలుండిరని చెప్పుటకు సంతసించుచున్నాము. 1962లో హాలెండు దేశపు ట్యూలిప్ ర్యాలీలో మినీ కూపరును గెలిపించినది పాట్ మాస్ అను వనిత. ప్రక్కన దారి చూపినది ఆన్ విజ్డమ్. అది ముందు చక్రముల కారు. 1981లో ఇటలీలోని సాన్‌రెమో ర్యాలీలో ఆడీ క్వాట్రోను నడిపి, ప్రపంచ చాంపియన్‌షిప్ ర్యాలీని గెలిచిన తొలి మహిళయైనది ఫ్రాన్సు దేశపు మిషెల్ మూటన్. ఆమెకు దారి చూపినది ఫాబ్రిజియా పోన్స్. అది హ్యాచ్‌బ్యాకు కాకున్నను, నాలుగు చక్రముల బలమును లోకమునకు చాటిన కారు. పిమ్మట లాన్చియా డెల్టా అను నాలుగు చక్రముల హ్యాచ్‌బ్యాకు 1987 మొదలు 1992 వఱకు వరుసగా ఆఱేండ్లు తయారీదారుల చాంపియన్‌షిప్పును దక్కించుకొనెను. మన్ను, మంచు, గులకరాళ్ల దారులలో నాలుగు చక్రములకు సాటి లేదని దీనివలన తేలినది.

కాని గట్టి రోడ్డు మీద కథ వేఱు. 1976లో అమ్మకమునకు వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ 110 అశ్వశక్తి గల ముందు చక్రముల కారు. హాట్ హ్యాచ్‌బ్యాకు అను మాటకు ప్రాచుర్యము వచ్చినది దానివలననే. 2023లో హోండా సివిక్ టైప్ ఆర్, ముందు చక్రములతోనే, జర్మనీలోని సుమారు 20.8 కిలోమీటర్ల నూర్బుర్గ్‌రింగు పందెపుదారిని 7 నిమిషముల 45 సెకనులలోపుననే చుట్టివచ్చినది. మంచి టైర్లు, బలమును రెండు చక్రములకు తగినట్లు పంచు డిఫరెన్షియలు ఉన్నచో ముందు చక్రములును తక్కువ తినలేదు.

మన దేశపు వెలలను చూతము. 2021లో వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, 2024లో వచ్చిన టాటా ఆల్ట్రోజ్ రేసర్, రెండును 120 అశ్వశక్తి గల ముందు చక్రముల కార్లు. విడుదలనాడు రెంటి ప్రారంభపు వెలయు పది లక్షల లోపే. 2025లో దిగుమతియైన గోల్ఫ్ జీటీఐకి 265 అశ్వశక్తి, ముందు చక్రములే. విడుదలనాటి షోరూము వెల సుమారు 53 లక్షలు. 2021లో వచ్చిన మెర్సిడెస్ ఏఎంజీ ఏ45 ఎస్ నాలుగు చక్రములది. 421 అశ్వశక్తి, విడుదలనాటి వెల 79.5 లక్షలు. నిలిచిన కారు 100 కిలోమీటర్ల వేగమందుకొనుటకు గోల్ఫునకు 5.9 సెకనులు, మెర్సిడెస్‌కు 3.9 సెకనులు. ఆ రెండు సెకనులలో చక్రముల పాలు కొంత, ఇంజను పాలు కొంత. 120 అశ్వశక్తి కారునకు ఎండురోడ్డు మీద ముందు టైర్ల పట్టే చాలును. నాలుగు చక్రముల కొఱకు తహతహ పడనక్కఱలేదు.

ఇక మిక్కిలి ముఖ్యమైన మాట. నాలుగు చక్రముల బలము కారును ముందుకు తోయుటకే గాని నిలుపుటకు గాదు. బ్రేకులు ఏ కారుకైనను నాలుగు చక్రములకే యుండును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోవును. గేదె యడ్డము వచ్చెనని గ్రహించి కాలు బ్రేకు మీద వేయులోపలనే ఆ దూరము గడచిపోవును, నిలుచుట అటుపిమ్మట. తడిరోడ్డు మీద నాలుగు చక్రముల కారు జాఱకుండ వేగమందుకొనుటచే నడుపువారికి రోడ్డు జాఱుచున్నదన్న యెఱుకయే కలుగదు. ఆపవలసివచ్చినపుడు గాని తెలియదు. ఈ ధీమాయే అపాయమునకు మూలము.

మఱియొక భ్రమ: నాలుగు చక్రములున్నవి గనుక చేలదారికి పనికివచ్చునని. హాట్ హ్యాచ్‌బ్యాకు అడుగుభాగము నేలకు దగ్గఱగ నుండును. జీపులకుండు తక్కువ వేగపు గేరు దీనికుండదు. రేగడిలో టైరు గాళ్లు మన్నుతో పూడినచో నాలుగు చక్రములును కలిసియే దిగబడును. చిరాగ్‌పల్లి చేలకు జీపు తగును, ట్రాక్టరు తగును. ఈ కారు తగదు.

పోషణ సంగతియు మఱువరాదు. ముందు చక్రముల కారులో ముందు టైర్లు త్వరగా అరుగును. అప్పుడప్పుడు ముందువి వెనుకకు మార్పించవలెను. రెండే క్రొత్తవి కొన్నచో వెనుకకు వేయించుట క్షేమము. తడిలో వెనుకభాగము జాఱినచో అదుపు చేయుట కష్టము. నాలుగు చక్రముల కారునకు నాలుగు టైర్లును ఒకే రకమై, ఇంచుమించు ఒకే అరుగుదల గలవై యుండవలెను. లేనిచో లోపలి క్లచ్చుకు శ్రమ. వెనుక డిఫరెన్షియలు నూనె అదనపు ఖర్చు. దారిలో ఆగిపోయినచో రెండు చక్రములెత్తి ఈడ్పింపక, కారు మొత్తమును లారీపైకెక్కించి తీసికొనిపోవలెను.

కావున సోదరీమణులారా, మా యభిప్రాయమిది. మంచు కొండలయందో, నిత్యము తడిసియుండు ఘాటుదారులయందో నివసించువారికి, మూడువందల అశ్వశక్తికి మించిన కారు కోరువారికి నాలుగు చక్రములు సార్థకము. 65వ రహదారి మీద హైదరాబాదునకు పోయివచ్చు కుటుంబమునకు ముందు చక్రములే చాలును. మిగిలిన ధనములో కొంత మేలైన టైర్లకును, కొంత పిల్లల చదువునకును వినియోగింపవచ్చును. కారు ఇంటికి వచ్చిన పిదప దాని టైర్ల గాలిని నెలకొకసారి చూచుటయు, వానదినమున వేగము తగ్గించుమని నడుపువారిని హెచ్చరించుటయు, తామే నడుపునపుడు ఆ మాటను పాటించుటయు మన వంతు.