సీజేకి పొట్ట ఎందుకు పెట్టారు?

'జీటీఏ: శాన్ ఆండ్రియాస్' ఆడినవాళ్లెవరినైనా సీజే గురించి అడిగి చూడండి. కథ సగం మర్చిపోయి ఉంటారు కానీ వాడి పొట్ట మాత్రం గుర్తుంటుంది. బర్గర్లూ పిజ్జాలూ తినిపిస్తూ పోతే సీజే లావెక్కిపోయేవాడు. ఎక్కువసేపు పరిగెత్తలేకపోయేవాడు. రోడ్డు మీద పోయేవాళ్లు వాడి వాలకం చూసి ఏదో ఒక మాట విసిరేవాళ్లు. కార్లు కొట్టేసే గేమ్‌లో ఈ గోలంతా దేనికి అనిపించొచ్చు. నాకైతే ఆ సిరీస్ మొత్తంలో తెలివైన ఆలోచన అదే అనిపిస్తుంది.

రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే తెలిసిందే. హీరో మొదట్లో బలహీనుడు. ఆడేకొద్దీ బలం, నైపుణ్యం, పేరు పెరుగుతాయి. మన నిర్ణయాలను బట్టి కథ మలుపు తిరుగుతుంది. జీటీఏ ఎప్పుడూ పూర్తిస్థాయి రోల్ ప్లేయింగ్ గేమ్ కాదు. కానీ రాక్‌స్టార్ సంస్థ ఆ మసాలాను ఒక్కో భాగంలో ఒక్కో పాళ్లలో కలుపుతూ వచ్చింది. అది ఎక్కడ కుదిరింది, ఎక్కడ చప్పబడిందీ చూస్తే మనం ఆడే మిగతా గేముల గుట్టు కూడా బయటపడుతుంది.

బహుమతులే తప్ప ఎదుగుదల లేదు

2001లో వచ్చిన 'జీటీఏ 3'లో హీరో నోరే విప్పడు. 2002 నాటి 'వైస్ సిటీ'లో టామీ వెర్సెట్టీ బాగానే మాట్లాడతాడు. ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి ఆడినవాళ్లకు ఆ పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. అంబులెన్స్ నడిపి 12 లెవెళ్లు పూర్తిచేస్తే టామీకి ఎంత పరిగెత్తినా అలుపు రాదు. పిజ్జా డెలివరీలు పూర్తిచేస్తే ఆరోగ్యం 150కి పెరుగుతుంది. బాగుంది, కానీ అవి బహుమతులు మాత్రమే. ఆ పని చేసినందుకు టామీ మనిషిగా మారిందేమీ లేదు.

ఒంటి మీద కనిపించే లెక్క

2004లో శాన్ ఆండ్రియాస్ వచ్చి లెక్క మార్చేసింది. తిండి మానేస్తే ముందు కొవ్వు కరుగుతుంది, తర్వాత కండ పోతుంది. జిమ్‌కి వెళ్తే కండ వస్తుంది. అక్కడా రోజుకింతే అని హద్దు ఉంది, మిగతాది రేపు రమ్మంటారు. పిస్టల్ వాడేకొద్దీ గురి కుదిరి, చివరికి రెండు చేతుల్లో రెండు పిస్టళ్లు పట్టే స్థాయికి వస్తాడు. గౌరవం పెరిగేకొద్దీ వెంట నడిచే గ్రోవ్ స్ట్రీట్ కుర్రాళ్లు 7 మంది దాకా అవుతారు.

శాన్ ఫియెరోలో ఒక మిషన్ ఉంది. ఈదుకుంటూ వెళ్లి ఓడలోకి దూరాలి. ఊపిరి బిగబట్టే శక్తి చాలకపోతే ఆ మిషన్ మొదలే కాదు. ముందు నీళ్లలో మునిగి సాధన చేసుకుని రావాల్సిందే. నాకు భలే నచ్చిన సంగతి ఇది. ఇక్కడ మీటర్ అలంకారం కాదు, తలుపుకి వేసిన తాళం.

అంతకన్నా ముఖ్యమైంది ఇంకోటుంది. సీజే ఎలా ఉన్నాడో ఊరు గమనిస్తుంది. బట్టలు, కండలు, పొట్ట.. అన్నిటి మీదా కామెంట్లే. మెనూలో ఉన్న అంకెని ఎదుటి మనిషి నోటితో చెప్పించడమే ఆ గేమ్ చేసిన మాయ.

కండ పోయింది, కజిన్ వచ్చాడు

2008లో 'జీటీఏ 4' వచ్చేసరికి జిమ్ లేదు, పొట్ట లేదు. చాలామంది ఉసూరుమన్నారు. నా లెక్కలో మాత్రం రోల్ ప్లేయింగ్ పోలేదు, ఒంటి మీద నుంచి ఫోన్‌లోకి మారింది. కజిన్ రోమన్ బౌలింగ్‌కి రమ్మని ఫోన్ చేస్తాడు. వెళ్తూ ఉంటే స్నేహం పెరిగి, అడిగినప్పుడల్లా ఫ్రీగా ట్యాక్సీ పంపిస్తాడు. లిటిల్ జేకబ్ ఉన్నచోటికే తుపాకులు తెస్తాడు. బ్రూసీ హెలికాప్టర్‌లో వచ్చి ఎక్కించుకుంటాడు. నీకు ఏమొచ్చు అని కాకుండా నీకు ఎవరున్నారు అని అడిగిన గేమ్ అది.

నిర్ణయాలు కూడా మనుషుల చుట్టూనే. డ్వేన్, ప్లేబాయ్ ఎక్స్‌లలో ఒకరినే బతకనివ్వాలి. డ్వేన్‌ని చంపితే 25,000 డాలర్లు. రెండోవాడిని చంపితే వాడి ఇల్లూ, డ్వేన్ స్నేహమూ. చివర్లో డబ్బు కోసం రాజీపడితే పెళ్లిరోజునే రోమన్ చనిపోతాడు. ఆ తర్వాత బౌలింగ్‌కి పిలిచే ఫోన్ ఇక రాదు. అన్నాళ్లూ విసుక్కున్న ఆ రింగ్‌టోన్ కోసమే చెవి వెతుక్కుంటుంది. ఏ మీటరూ చూపించలేని నష్టం అది.

8 మీటర్లు, ఒక్క మార్పూ లేదు

2013 నాటి 'జీటీఏ 5'లో మీటర్లు తిరిగొచ్చాయి. మైకేల్, ఫ్రాంక్లిన్, ట్రెవర్ ఒక్కొక్కరికీ 8 చొప్పున. స్టామినా, షూటింగ్, డ్రైవింగ్, ఊపిరి వగైరా. ఏం లాభం? గంటల తరబడి పరిగెత్తించినా మైకేల్ ఒళ్లు అలాగే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. మీటర్ నిండిందని ఆట చెబితే తప్ప మనకే తెలియదు.

అదే గేమ్‌లో దోపిడీకి మనుషుల్ని ఎంచుకునే పద్ధతి మాత్రం అదిరింది. చవకగా దొరికే హ్యాకర్‌ని పెట్టుకుంటే నగల షాపులో అలారం మోగేలోపు దొరికే సమయం తగ్గుతుంది. వాడికి అవకాశం ఇచ్చి నిలబెడితే తర్వాతి దోపిడీ నాటికి పని నేర్చుకుని వస్తాడు. జీటీఏ 4లోని ప్యాకీ కూడా ఒక దారిలో తారసపడతాడు. వాడికి లిఫ్ట్ ఇస్తే జట్టులో చేరతాడు. చూశారా, మళ్లీ మనిషే.

ఆ ఏడాదే మొదలైన జీటీఏ ఆన్‌లైన్‌లో ర్యాంకు పెరిగేకొద్దీ కొత్త ఆయుధాలు తెరుచుకుంటాయి. గేమ్‌లో డబ్బు చాలకపోతే షార్క్ కార్డులు ఉన్నాయి, నిజం డబ్బులిచ్చి కొనుక్కోవడమే. సీజే జిమ్‌లో రేపు రమ్మన్నారు. ఇక్కడ జేబు తియ్యమంటున్నారు. మన ఫోన్లలోని సగం గేములు నేర్చుకున్నది ఈ రెండో పాఠమే.

చివరికి ఆటగాళ్లే మొదలెట్టారు

కంపెనీ ఇవ్వనిది ఆటగాళ్లు తయారుచేసుకున్నారు. ఫైవ్‌ఎమ్ లాంటి మాడ్‌ల మీద నడిచే రోల్ ప్లే సర్వర్లలో ఒకడు ట్యాక్సీ డ్రైవర్, ఒకడు పోలీసు, ఒకడు డాక్టర్. ఎదుటివాడు తుపాకీ పెడితే నిజంగా భయపడ్డట్టే ఉండాలి. స్ట్రీమ్‌లో చూసిన రహస్యాన్ని ఆటలో వాడుకోకూడదు. మీసం మెలేసే రౌడీ కన్నా గల్లీలో మెకానిక్‌కే అభిమానులు ఎక్కువ ఉండొచ్చు. తెలుగు గేమింగ్ ఛానెళ్లలోనూ ఈ స్ట్రీములు గంటల తరబడి నడుస్తున్నాయి. 2023 ఆగస్టులో ఫైవ్‌ఎమ్ వెనకున్న బృందాన్ని రాక్‌స్టార్ తనలోనే కలుపుకుంది.

కాబట్టి ఈసారి ఏ గేమ్ అయినా 'మీ హీరోని పెంచుకోండి' అని ఊరిస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను మారితే ఈ లోకంలో ఎవరైనా గుర్తుపడతారా? గుర్తుపడితే గంటలు ఖర్చుపెట్టొచ్చు. మీటర్ నిండడం తప్ప ఇంకేమీ జరగకపోతే మీ టైమూ, డేటా ప్యాకూ మిగుల్చుకోండి. సీజేకి పొట్ట పెట్టింది నవ్వుకోవడానికే కాదు. మనం చేసిన పని లోకానికి కనిపించాలని.