పాత ర్యామ్‌కు కొత్తది జత కుదురుతుందా?

ఇంట్లో డెస్క్‌టాప్ ఉంది. అందులో 4 జీబీ ర్యామ్. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిచి, పక్కన కోడ్ ఎడిటర్ పెడితే మౌస్ కూడా కదలనని మొరాయిస్తుంది. ఆండ్రాయిడ్ స్టూడియో లాంటి వాటికి కనీసం 8 జీబీ కావాలి. ప్లేస్‌మెంట్ల సీజన్ దగ్గరపడుతోంది. కొత్త కంప్యూటర్ కొనిపెట్టమని ఇంట్లో అడగలేరు. ఫ్రెండ్ దగ్గర ఒక ర్యామ్ ఖాళీగా ఉంది కానీ దాని కంపెనీ వేరు, స్పీడ్ వేరు. రెండూ కలిపి వాడొచ్చా?

చాలాసార్లు వాడొచ్చు. కాకపోతే ఏవి కలుస్తాయో, ఏవి కలవవో తెలుసుకుని దిగాలి. డెస్క్‌టాప్ సపోర్ట్, హార్డ్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లేవారికి ఇది ఇంటర్వ్యూ ప్రశ్న కూడా.

ఇవి అస్సలు కలవవు

మొదట చూడాల్సింది తరం. డీడీఆర్3 ర్యామ్‌కు 240 పిన్నులుంటాయి. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే అయినా కింద ఉండే గాటు స్థానం వేరు. వోల్టేజీలూ వేరే: డీడీఆర్3కి 1.5, డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1 వోల్టులు. ఒక తరం ర్యామ్ ఇంకో తరం స్లాట్‌లో కూర్చోదు. బలంగా నొక్కితే స్లాటే విరుగుతుంది.

ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది కాబట్టి చూడగానే తెలిసిపోతుంది. అసలు మోసపోయేది సర్వర్ ర్యామ్ దగ్గర. సెకండ్ హ్యాండ్‌లో 16 జీబీ చవగ్గా కనిపిస్తే చాలామంది ఆశపడతారు. సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ రకం డీడీఆర్4 చూడ్డానికి మామూలు దానిలాగే ఉంటుంది, స్లాట్‌లోనూ పడుతుంది. కానీ సాధారణ డెస్క్‌టాప్ మదర్‌బోర్డు దాంతో ఆన్ కాదు. ధర మరీ తక్కువగా ఉంటే ముందు ఈ సంగతి అడగండి.

ఇవి వేరైనా నడుస్తాయి

కంపెనీ, సామర్థ్యం, స్పీడ్ వేరైనా సాధారణంగా ఇబ్బంది ఉండదు. ప్రతి ర్యామ్‌పై ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. ఆ ర్యామ్ ఏయే వేగాలతో పనిచేయగలదో ఆ చిప్‌లో రాసి ఉంటుంది. కంప్యూటర్ ఆన్ కాగానే బయోస్ ఆ వివరాలు చదివి, అన్నింటికీ కుదిరే వేగాన్ని ఖాయం చేస్తుంది. కాడికి కట్టిన జతలో ఒక ఎద్దు నెమ్మదిదైతే రెండోదీ దాని వెంటే నడవాలి కదా, ఇదీ అంతే. 2400 ర్యామ్ పక్కన 3200ది పెడితే రెండూ 2400 వేగంతోనే నడుస్తాయి. అంటే పాతది అలాగే ఉంచుకుని, ఎక్కువ స్పీడ్ కోసం అదనంగా డబ్బు పెట్టడం దండగ.

4 జీబీకి 8 జీబీ కలిపితే? మొత్తం 12 జీబీ పనికొస్తుంది. చాలా ఇంటెల్ బోర్డుల్లో రెండింటి నుంచి నాలుగేసి జీబీలు డ్యూయల్ ఛానెల్‌లో, మిగిలిన 4 జీబీ సింగిల్ ఛానెల్‌లో పనిచేస్తాయి. సమానమైన జత అంత వేగం ఉండకపోవచ్చు. అయినా ర్యామ్ చాలక కంప్యూటర్ హార్డ్ డిస్క్ మీద ఆధారపడటం కంటే ఇది ఎంతో నయం.

కొనేముందు

- కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ దగ్గర స్పీడ్, వాడుతున్న స్లాట్‌ల సంఖ్య కనిపిస్తాయి. తరం తెలియకపోతే ఉచితంగా దొరికే సీపీయూ-జెడ్ చెబుతుంది.
- మదర్‌బోర్డు గరిష్ఠంగా ఎంత ర్యామ్ తీసుకుంటుందో తయారీదారు సైట్‌లో చూడండి.
- విండోస్ 32 బిట్ అయితే 4 జీబీకి మించి వాడుకోలేదు. ముందు 64 బిట్ వేసుకోవాలి.
- సికింద్రాబాద్ సీటీసీ అయినా మీ ఊళ్లో షాపైనా, పాత ర్యామ్ వెంట తీసుకెళ్లండి. పనిచేయకపోతే మార్చి ఇస్తారా అని ముందే అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

బిగించాక పరీక్ష తప్పనిసరి

పవర్ కేబుల్ తీసేసి, క్యాబినెట్ లోహపు భాగాన్ని ఓసారి తాకి పని మొదలుపెట్టండి. గాటు సరిచూసుకుని, క్లిప్ టిక్కుమని పడేదాకా రెండు వైపులా సమానంగా నొక్కండి.

డిస్‌ప్లే రాగానే పని అయిపోయిందనుకోవద్దు. సరిగా పొసగని జత ఒక్కోసారి గంటల తరబడి బాగానే నడిచి, తర్వాత ఉన్నట్టుండి బ్లూ స్క్రీన్ చూపిస్తుంది. అది ఆన్‌లైన్ టెస్ట్ మధ్యలో జరిగితే నష్టం మీదే. విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్ నడపండి. వీలైతే పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ జతను నమ్మొద్దు. పరీక్షకు ముందు రోజు మాత్రం ర్యామ్ జోలికి వెళ్లకండి.

ఇంటర్వ్యూలో అడిగితే

'వేర్వేరు ర్యామ్‌లు కలపొచ్చా?' అన్న ప్రశ్నకు అవును, కాదు అంటే సరిపోదు. 'తరం, రకం ఒకటే కావాలి. స్పీడ్ వేరైతే తక్కువ దానికి సర్దుకుంటాయి. సామర్థ్యం వేరైతే డ్యూయల్ ఛానెల్ లాభం కొంత తగ్గుతుంది. ఆఫీసు సిస్టమ్‌లకు మాత్రం ఒకే మోడల్ జత సూచిస్తాను' అని చెప్పండి. మీకు విషయం తెలుసని అవతలివారికి అర్థమవుతుంది.

వెంటనే వచ్చే ప్రశ్న: 'ర్యామ్ పెట్టాక డిస్‌ప్లే రాలేదు, ఏం చేస్తారు?' వరుస ఇది. ముందు పవర్ తీసి రెండింటినీ మళ్లీ బిగించాలి. తర్వాత ఒక్కోటి విడిగా పెట్టి చూడాలి. పాతది ఒక్కటే పెడితే వస్తోందా? అయితే కొత్త ర్యామ్‌ను అదే స్లాట్‌లో పెట్టి చూడాలి. అప్పుడు లోపం ర్యామ్‌దా, రెండో స్లాట్‌దా, లేక రెండూ కలిసినప్పుడే వస్తోందా అన్నది తేలుతుంది. చివరగా బయోస్‌ను రీసెట్ చేయాలి. కాంప్‌టియా ఏ+ సర్టిఫికేషన్‌కు సిద్ధమయ్యేవారికి కూడా ర్యామ్ రకాలు, ఛానెళ్లు సిలబస్‌లో భాగమే.

ఈ వరుసను కంఠస్థం చేయడం కన్నా మీ సొంత డెస్క్‌టాప్ మీద ఒక్కసారి చేసి చూడండి. ఇంటర్వ్యూలో తడుముకోకుండా చెప్పగలుగుతారు.